పట్టము చేతికి వచ్చినది, పని యెక్కడ?

మన యిండ్లలో పిల్లవాడు పిహెచ్.డి.లో చేరినాడని తెలిసినతోడనే పెద్దలడుగు మొదటి ప్రశ్న "ఎప్పటికి ముగియును?" అనునది, రెండవది "నెలకేమి యిత్తురు?" అనునది. ఏమి కనుగొనబోవుచున్నావని యడుగువారు వేయింటికొకరు. విశ్వవిద్యాలయములు మాత్రమేమి తక్కువ తిన్నవి? 2016 నాటి నిబంధనలలో యు.జి.సి. వారు, గ్రంథమును సమర్పింపకముందే ఒక వ్యాసము పత్రికలో అచ్చుపడి తీరవలెననిరి. సొమ్ము పుచ్చుకొని ఏది యిచ్చిన దాని నచ్చొత్తు పత్రికలకు పండుగయైనది. 2022లో ఆ నియమమును తీసివేసిరి. పెట్టినప్పుడును తీసినప్పుడును చర్చ యంతయు వ్యాసమును గూర్చియే. ఆ చదువువలన ఎవరి రొమ్మునొప్పి తగ్గునను మాట రానేలేదు.

వ్యాకరణముపై వ్రాసిన గ్రంథము వ్యర్థమైనచో బీరువా నిండును, అంతియే. సంస్కృతము చదివినవాడను గనుక ఈ మాట ధైర్యముగా చెప్పగలను. హృదయమునకు వలయు పరికరములపై చేసిన పని వ్యర్థమైనచో మంచముపై రోగి అట్లే యుండును.

ఆబిడ్సునుండి నాంపల్లికి నడచిపోవువాడు ఈ విద్యకు కావలసిన సామగ్రినంతయు త్రోవలోనే చూడవచ్చును. గన్‌ఫౌండ్రీలో, పదునెనిమిదవ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమండు ఫిరంగులు పోతపోయించిన చోటున్నది. నాంపల్లిలో ఎగ్జిబిషన్ మైదానమున్నది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు స్వదేశపు వస్తువులను జనులకు చూపుటకై పబ్లిక్ గార్డెన్సులో ఆరంభించిన నుమాయిషు 1946లో అక్కడికి చేరినది. ఆ మైదానపు త్రోవలోనే, హృద్రోగవైద్యులు బి. సోమరాజుగారును వారి సహచరులును 1997లో నెలకొల్పిన కేర్ ఆసుపత్రి. లోహము, అంగడి, రోగి: మూడును అరగంట నడకలో నున్నవి.

ఈ సోమరాజుగారును, 1982 నుండి హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలకు అధిపతిగా నుండిన అబ్దుల్ కలాముగారును కలిసి 1990ల దశకములో కలాం-రాజు స్టెంటును రూపొందించిరి. స్టెంటనగా, సన్నబడిన హృదయధమనిలో చొప్పించి, విప్పి, నిలుపు లోహపు జాలిక. విదేశపు సరకు వెల విని తిరిగిపోవు రోగికి తక్కువ వెలకు దొరుకవలెనని వారి తలంపు. తలంపును గొప్పది, పనియు గొప్పది. కాని అది ఇద్దరు మహనీయుల స్నేహమునుండి పుట్టిన పని, స్నేహమునకు వారసత్వముండదు. 2002, 2003 సంవత్సరములలో మందుపూసిన స్టెంట్లు పాశ్చాత్యుల విపణిలోనికి వచ్చి వట్టి లోహపు జాలికను వెనుకకు నెట్టినవి. ఆనాటికే ఆ పూతను గూర్చియు, ధమని మరల మూసుకొనుటను గూర్చియు పదేండ్లుగా పాటుపడుచున్న యువకులు మన విశ్వవిద్యాలయములలో ఏబదిమంది యుండినచో కథ వేరుగా నుండెడిది. తుదకు 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వము వట్టి స్టెంటునకు 7,260 రూపాయలు, మందుపూసినదానికి 29,600 రూపాయలు గరిష్ఠపు వెలగా నిర్ణయించెను. అంతకుముందు లక్షకు పైబడి యిచ్చుకొన్న రోగులున్నారు. విద్య చేయవలసిన పనిని సర్కారు ఉత్తరువు చేయవలసివచ్చెను.

తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థను చూడుడు. శస్త్రవైద్యులు వలియత్తాన్‌గారును ఇంజనీర్లును ఒకే కప్పుక్రింద కూర్చుండి కృత్రిమ హృదయకవాటమునకు పూనుకొనిరి. మూడు నమూనాలు చెడిపోయినవి. కృత్రిమ నీలమణితో చేసిన బిళ్ళ పగిలిపోయెను. తుదకు పాలిఎథిలీను బిళ్ళ నిలిచినది. 1990 డిసెంబరులో మొదటి రోగికి అమర్చిరి, టి.టి.కె. సంస్థవారు దానిని తయారుచేసి అమ్మిరి. మణి ఓడినచోట ప్లాస్టికు గెలుచునని యే పుస్తకములో నున్నది? మూడుమారులు ఓడినవారికే తెలిసినది. మన పరీక్షకుల యెదుట మూడుమారులు ఓడిన విద్యార్థి నిలిచినచో పట్టమిత్తురా?

గురుభక్తి యను మన సుగుణము కూడ ఇచ్చట రోగమగుచున్నది. 1888లోను 1889లోను మన హైదరాబాదులోనే క్లోరోఫారము సంఘములు రెండు కూర్చున్నవి. ఆ మత్తుమందు మొదట శ్వాస నాపునా, హృదయము నాపునా యనునది ప్రశ్న. వైద్యపాఠశాలాధిపతి లారీ దొరగారికి జవాబు ముందే తెలియును: శ్వాసనే. నిజాము ప్రభుత్వము వేయి పౌనులిచ్చి లాన్సెట్ పత్రిక పక్షమున బ్రంటన్ పండితుని రప్పించెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిగెను. లారీగారి మాటయే నెగ్గినది. 1911లో లెవీ యనునాతడు పిల్లులపై పరీక్షించి, తేలికపాటి మత్తులోనే హృదయము తటాలున కంపించి నిలిచిపోవచ్చునని చూపెను. శ్వాసను కనిపెట్టి యుండుడన్న హైదరాబాదు హెచ్చరిక మంచిదే. హృదయమునకు భయములేదన్న ధైర్యమే చెడ్డది. మన శాస్త్రకారులు పూర్వపక్షమును బలముగా నిలిపిగాని సిద్ధాంతమునకు రాకుండిరి. నేటి సిద్ధాంతగ్రంథములలో పూర్వపక్షమెక్కడ? గురువుగారి పూర్వవ్యాసముల పట్టిక యున్నది.

ఇక వర్తకమన్నచో ముఖము చిట్లించు పెద్దలున్నారు. సరస్వతికి లక్ష్మితో పొత్తేల యందురు. అట్లయిన నుమాయిషు పెట్టిన ఉస్మానియా పట్టభద్రులు చదువు చెడినవారా? వెల తెలియక పరికరమును చేయువాడు ధనికులకొరకే చేయును. దీనికి ఎదురుకొసన మరియొక తెగ బయలుదేరినది: వస్తువు పుట్టకముందే పెట్టుబడిదారుల యెదుట మాటలాడుట నేర్పు తెగ. అమెరికాలో థెరానోస్ సంస్థ రక్తపుచుక్క పరీక్షలని చెప్పి కోట్లు కూర్చి 2018లో మూతబడెను. 2022లో దాని స్థాపకురాలిని న్యాయస్థానము దోషిగా నిర్ణయించెను. మన బాలురకు నేర్పవలసిన వ్యాపారము లెక్కలు దాచని వ్యాపారము.

ఆడుపిల్లల మాట వేరుగా చెప్పవలసి యున్నది. ఆ క్లోరోఫారపు కాలముననే ఇచ్చటి వైద్యపాఠశాలలో చదివి రూపాబాయి ఫర్దూన్జీ మత్తుమందిచ్చు వైద్యురాలైనది. నేడు సంస్కారులమని చెప్పుకొను మనమే, పరిశోధన నాలుగవయేట పడి పనికి రూపు వచ్చువేళ, మంచి సంబంధము వచ్చినదని అమ్మాయిని వెనుకకు పిలుచుచున్నాము. అబ్బాయినైతే పిలువము.

కందిలోని ఐ.ఐ.టి.లో, వైద్యపరికరములు చేయగోరువారిని ఆసుపత్రులకు పంపి రోగుల కష్టములను చూపు ఏర్పాటొకటి యున్నది, మెచ్చదగినది. అది కొందరికి దొరకు అవకాశముగా నుండరాదు, హృదయపరికరములపై పిహెచ్.డి. చేయు ప్రతి విద్యార్థికి నియమము కావలెను. మొదటి యేడు వాడు గ్రంథాలయములో గాక కేథటర్ గదిలో నిలిచి చూడవలెను. పరీక్షకులలో రోగులను చూచు వైద్యుడొకడు, వస్తువును తయారుచేయువాడొకడు ఉండవలెను. చెడిపోయిన నమూనాలకు గ్రంథములో ఒక ప్రకరణముండవలెను. ఈ పరికరము నాంపల్లి స్టేషనులో దిగిన పల్లెటూరి కూలివానికి ఎంత పడును, ఆ సొమ్ము ఎవరిత్తురు అను ప్రశ్నకు కడపటి పుటలో అంకెలతో జవాబు వ్రాయవలెను. వ్రాయని గ్రంథమును పరీక్షకులు వెనుకకు పంపవలెను.