సీటు కన్నా ముందు వార్డు చూడండి

ఎంబీబీఎస్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, పిల్లలు నీట్ రాసిన ఇళ్లలో లెక్కలే లెక్కలు. కిందటేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీటు ఆగింది? కన్వీనర్ కోటాలో రాకపోతే బీ కేటగిరీ ఫీజు కట్టగలమా? ఉన్న స్థలం అమ్మాలా, బ్యాంకు రుణం తీసుకోవాలా? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఇంత ఆరా తీసే తల్లిదండ్రుల్లో ఒక్క మాట అడిగేవారు మాత్రం చాలా తక్కువ. ‘ఆ కాలేజీ ఆసుపత్రికి రోగులు వస్తున్నారా?’

నా దృష్టిలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే. ఎందుకంటే వైద్య విద్యార్థికి పాఠం దొరికేది రోగి మంచం పక్కనే.

మంచం పక్కన నేర్చుకునేది

డెంగీ గురించి పుస్తకంలో పేజీల కొద్దీ ఉంటుంది. కానీ జ్వరం తగ్గింది కదా అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్న సమయంలోనే కొందరికి ప్రమాదం మొదలవుతుందని విద్యార్థికి నిజంగా ఎప్పుడు అర్థమవుతుంది? చల్లబడుతున్న బిడ్డ చేతులను తన చేత్తో తాకినప్పుడు. నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం తన వేలికి తెలిసినప్పుడు. కడుపునొప్పితో వచ్చినవారిలో ఎవరిని మాత్ర ఇచ్చి పంపవచ్చు, ఎవరిని వెంటనే ఆపరేషన్ థియేటర్‌కు తరలించాలి అన్న తేడా కూడా అంతే. వందల పొట్టలు నొక్కి చూసిన చేతికే అది పట్టుబడుతుంది.

ఈ మాట కొత్తదేమీ కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్య పాఠశాల 1893లో మొదలైనప్పుడు విలియం ఆస్లర్ విద్యార్థులను ఉపన్యాసాల గదిలోంచి వార్డులోకి నడిపించాడు. ఆ పద్ధతే తర్వాత ప్రపంచమంతా పాకింది. మన దగ్గరా అంతే. 1923లో మొదలైన విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీకి కింగ్ జార్జ్ ఆసుపత్రి, హైదరాబాద్ ఉస్మానియా మెడికల్ కాలేజీకి ఉస్మానియా ఆసుపత్రి ఎలాంటివో అందరికీ తెలుసు. ఆ కాలేజీలకు పేరు తెచ్చింది అక్కడి ఓపీల ముందు తెల్లవారకముందే కట్టే క్యూలు.

హౌస్ సర్జన్ ఏడాది ఏమైపోతోంది?

నాలుగున్నరేళ్ల చదువు తర్వాత ఏడాదిపాటు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల విభాగం, క్యాజువాలిటీ... ఇలా ఒక్కో విభాగంలో పనిచేసుకుంటూ పోవాలి. కాన్పు చేయడం, కుట్లు వేయడం, గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేయడం చేతికి అలవాటయ్యేది ఈ ఏడాదిలోనే.

సరిగ్గా ఇదే ఏడాదిని నీట్ పీజీ మింగేస్తోంది. మూడున్నర గంటల్లో 200 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, అందులో ఒకటి ఎంచుకోవాలి. ఆ ర్యాంకు మీదే మిగతా జీవితమంతా ఆధారపడి ఉన్నప్పుడు, హౌస్ సర్జన్ మనసు వార్డులో ఎలా ఉంటుంది? కొందరు డ్యూటీలో సంతకం పెట్టి లైబ్రరీకి వెళ్లిపోతారు. కొందరు మూడో ఏడాది నుంచే ఫోన్‌లో కోచింగ్ యాప్ తెరుస్తారు. వాళ్లను తిట్టి లాభం లేదు. పరీక్ష దేనికి మార్కులిస్తే పిల్లలు దాన్నే చదువుతారు. రోగితో ఓపికగా మాట్లాడి జబ్బు కనిపెట్టినందుకు ఆ పరీక్షలో ఒక్క మార్కూ లేదు.

దీనికి మందు చట్టంలోనే ఉంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం నెక్స్ట్ అనే ఉమ్మడి పరీక్షను ప్రతిపాదించింది. అందులో రోగిని పరీక్షించే నైపుణ్యాన్ని కూడా కొలవాలన్నది ఆలోచన. అది వాయిదాల మీద వాయిదాలు పడుతూ వస్తోంది. విద్యార్థుల భయాలను తీర్చి, తగిన వ్యవధి ఇచ్చి దాన్ని అమలు చేయాలి. లేదంటే ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకున్నదానికి పీజీ ప్రవేశంలో కొంతైనా విలువ ఇవ్వాలి.

సీట్లు పెరిగాయి, సంతోషం. గురువులో?

2014లో దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు 51 వేల పైచిలుకు. ఇప్పుడవి లక్ష దాటాయి. తెలంగాణలో దాదాపు ప్రతి జిల్లాకూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొత్త కాలేజీలు మొదలయ్యాయి. మధ్యతరగతి పిల్లలకు ఇది మేలే. ఫీజుకు భయపడి డాక్టరు కల వదులుకున్న కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి.

అయితే భవనం రెండేళ్లలో లేస్తుంది. మంచి ప్రొఫెసర్ తయారు కావడానికి పదిహేనేళ్లు పడుతుంది. తనిఖీ రోజున మాత్రమే కనిపించే అధ్యాపకులు, ఆ పూట కోసం మంచం ఎక్కించిన నకిలీ రోగులు... ఇలాంటి ఆరోపణలతో 2025లో సీబీఐ కేసు పెట్టేదాకా వెళ్లింది వ్యవహారం. నిజానిజాలు కోర్టులు తేలుస్తాయి. కానీ ఇందులో మోసపోయేది ఎవరు? ఫీజు కట్టిన కుటుంబం ఒకటి. రేపు ఆ డాక్టరు దగ్గరికి వెళ్లే మనందరం రెండు.

పరిశోధన మనకెందుకు?

‘మా అబ్బాయి వైద్యం చేస్తే చాలు, పరిశోధన దేనికి?’ అనుకోవచ్చు. రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లోనే. అంతకు కొన్నేళ్ల ముందే హైదరాబాద్ వైద్య పాఠశాల ప్రిన్సిపల్ ఎడ్వర్డ్ లారీ, నిజాం ఆర్థిక సాయంతో క్లోరోఫాం మత్తుపై ప్రయోగాలు చేయించారు. గుండెకు దానివల్ల నేరుగా ముప్పు లేదని అప్పుడు తేల్చారు. ఆ నిర్ణయం తర్వాతి పరిశోధనల ముందు నిలబడలేదు. పరిశోధన నేర్పేది సరిగ్గా ఇదే. పెద్దలు చెప్పారని నమ్మకుండా ఆధారం అడగడం. ఆ అలవాటు ఉన్న డాక్టరు అవసరం లేని స్కాన్ రాయడు, కంపెనీ ప్రతినిధి చెప్పాడని కొత్త మందు మొదలుపెట్టడు. ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఐసీఎంఆర్ స్వల్పకాలిక పరిశోధన పథకం కూడా ఉంది. పిల్లలను దానికి దరఖాస్తు చేయమనండి.

తల్లిదండ్రులు చేయగలిగింది

కాలేజీ ఎంచుకునే ముందు, ఏ హడావుడీ లేని ఒక మామూలు రోజు ఉదయం ఆ ఆసుపత్రికి వెళ్లండి. ఓపీలో జనం ఉన్నారా? వార్డుల్లో మంచాలు నిండి ఉన్నాయా? 2023 నిబంధనల ప్రకారం 100 సీట్ల కాలేజీకి 420 పడకలు, 150 సీట్లకు 605 పడకలు ఉండాలి. వాటిలో 80 శాతం నిండి ఉండాలి. కాన్పుల వార్డు, క్యాజువాలిటీ రాత్రిపూట నడుస్తున్నాయా అని కూడా అడగండి. అన్నిటికన్నా నమ్మకమైన సమాచారం అక్కడి హౌస్ సర్జన్ల దగ్గర దొరుకుతుంది. ‘ఇప్పటివరకు ఎన్ని కాన్పులు చేశావమ్మా?’ అని అడిగితే చాలు, కాలేజీ సంగతి తెలిసిపోతుంది.

రోగులుగా మన వంతు

బోధనాసుపత్రికి వెళ్లినప్పుడు విద్యార్థులు చుట్టూ చేరితే చాలామంది విసుక్కుంటారు. ‘మా మీద ప్రయోగాలా?’ అంటారు. ఆ భయంలో న్యాయం ఉంది. మిమ్మల్ని అడిగే పరీక్షించాలి. తెర వేయాలి. మహిళలను పరీక్షించేటప్పుడు పక్కన మరో మహిళ ఉండాలి. సీనియర్ పర్యవేక్షణ ఉండాలి. ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మీది. వద్దన్నారని వైద్యంలో లోటు చేయకూడదు.

అవన్నీ సవ్యంగా ఉన్నప్పుడు మాత్రం కాదనకండి. ఇంతకాలం పేదరోగులే తమ ఒళ్లు చూపించి డాక్టర్లను తయారుచేశారు. కార్పొరేట్ ఆసుపత్రి ఏసీ గదిలో మనకు వైద్యం చేసే నిపుణుడు కూడా ఒకప్పుడు ఏ ధర్మాసుపత్రి వార్డులోనో, పేరు తెలియని ఓ రోగి దగ్గర నాడి పట్టడం నేర్చుకున్నవాడే. ఆ బాకీలో కొంతైనా మనం తీర్చాలి. ‘చూడు బాబూ, నేర్చుకో’ అని చేయి చాపడం అందుకు మొదటి మెట్టు.