చేయుట, చేయించుట: ఒక ఆల్టర్నేటరు వివాదం



గత మాసంలో ఒక పెండ్లి విందులో నా ప్రక్కన కూర్చున్న పూర్వ సహోద్యోగి, గణితోపాధ్యాయులు, నా చేతిగోళ్ళను పరకాయించి చూసి, "పండితులవారి గోళ్ళలో ఈ నలుపేమిటి?" అని ప్రశ్నించారు. మా అంబాసిడరు కారుకు ఆల్టర్నేటరు నేనే మార్చుకున్నానని బదులు చెప్పాను. పంక్తి అంతా నవ్వింది. ఒకరు నా పింఛను సంగతి అడిగారు. ఇంకొకరు నా వయస్సు గుర్తు చేశారు. మా దూరపు బావగారొకరు, "షెడ్డులో పడవేస్తే అరగంట పని. వాడి పొట్ట కూడా కొట్టాలా బావా?" అన్నారు. పప్పన్నం చల్లారుతూండగా వాదం చేయడం మర్యాద కాదని ఊరకున్నాను. ఆ సమాధానం ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ వాహనాన్ని గురించి రెండు మాటలు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారం చేసుకొని, 1950ల చివర బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడరు తయారీ మొదలుపెట్టారు. 2014లో ఆ కర్మాగారం పని నిలిపివేసింది. నా దగ్గరున్నది 1986 నాటిది, 1489 సీసీ పెట్రోలు ఇంజను. మా మేనమామగారి నుండి నాకు సంక్రమించింది. దీనికి మొదట డైనమో ఉండేది. దానిని తీయించి ఆల్టర్నేటరు పెట్టించినది ఆయనే.

ఈ మార్పు ఎందుకో తెలియనివారికి చెబుతాను. నడిచే బండిలో దీపాలకు, హారనుకు, వైపరుకు కావలసిన విద్యుత్తును పుట్టించి, బ్యాటరీని తిరిగి నింపే యంత్రం డైనమో. ఆ కాలపు లూకాస్ డైనమోలలో ప్రసిద్ధమైన ఒక రకం గరిష్ఠంగా 22 ఆంపియర్లు ఇచ్చేది. రెండు హెడ్‌లైట్లు అరవయ్యేసి వాట్లవైతే వాటికే పది ఆంపియర్లు పోతాయి. పైగా ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. ఆల్టర్నేటరు అలా కాదు. అది మొదట ఏకాంతర విద్యుత్తును పుట్టించి, లోపలి డయోడుల ద్వారా దానిని ఏకముఖ విద్యుత్తుగా మార్చి పంపుతుంది. నెమ్మది వేగంలోనూ బ్యాటరీని పోషిస్తుంది.

ఇక వివాదం. మన శాస్త్రకారుల పద్ధతిలో ముందు పూర్వపక్షాన్ని న్యాయంగా చెప్పి, తరువాత నా సిద్ధాంతం చెబుతాను. ప్రతిపక్షులవి నాలుగు వాదాలు. ఒకటి, చదువుకున్నవాడికి ఈ పని తగదు. రెండు, కాలాన్ని లెక్క వేస్తే ఇది నష్టం. మూడు, పనివాని జీవనోపాధికి గండి. నాలుగు, ఇది ప్రమాదకరం.

వీటికి బదులు చెప్పేముందు నా అజ్ఞానం నాకు నేర్పిన పాఠాన్ని చెప్పాలి.

2018లో నేను పదవీ విరమణ చేశాను. మరుసటి ఏడు బ్యాటరీ తరచుగా దిగిపోవడం మొదలైంది. ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాను. దాని పేరు అనవసరం. ఆల్టర్నేటరు పోయిందని చెప్పి, వేరొకటి బిగించి, ఆరువేల అయిదువందలు తీసుకున్నారు. ఇంజనును బాగా రేజు చేసి, "చూడండి, చార్జింగు వస్తోంది" అని మీటరు చూపించారు. నాకు మీటరు చదవడం రాదు. తల ఊపి డబ్బు లెక్కపెట్టాను.

మూడవ రోజు మా ఇల్లాలిని గుంటూరులో వైద్యునికి చూపించి తెనాలికి తిరిగి వస్తున్నాను. చీకటి పడింది. రోడ్డు రద్దీగా ఉంది, బండి నత్తనడక నడుస్తోంది. హెడ్‌లైట్లు క్రమంగా ఎర్రబారి, ప్రమిదలోని నూనె అయిపోయిన దీపంలా కొడిగట్టాయి. ఇంజను ఆగిపోయింది. ఇరువైపులా వరిచేలు. ఎదురుగా వచ్చే లారీలకు మేము కనబడము. ఆమెను దింపి గట్టు మీద నిలబెట్టి, నేను బండి వెనుక నిలబడి చేతిరుమాలు ఊపుతూ గడిపిన ఆ ముప్పావుగంటను నేను మరువలేదు. చివరకు ఒక పాలవ్యాను అబ్బాయి తాడుకట్టి ఊరికి చేర్చాడు.

మర్నాడు ఇంటికి వచ్చిన ఆటో ఎలక్ట్రీషియను నా పూర్వ విద్యార్థి. నన్ను చూడగానే చెప్పులు గుమ్మం బయట విడిచాడు. తాళం త్రిప్పి, డ్యాష్‌బోర్డు వంక చూసి, "మాస్టారూ, తాళం వేయగానే ఎర్రదీపం వెలగాలి కదండీ, వెలగడం లేదు" అన్నాడు. ఆ చిన్న బల్బు మాడిపోయింది. క్రొత్త బల్బు వేసి బండి స్టార్టు చేశాడు. పది నిమిషాలలో పని అయిపోయింది.

అందులోని రహస్యం అతడే విప్పాడు. డైనమోకు ఆ దీపం కేవలం సూచిక. దీపం పోయినా డైనమో పని ఆగదు. ఇటువంటి ఆల్టర్నేటరుకు మాత్రం, లోపలి తీగచుట్టను అయస్కాంతంగా మార్చే తొలి విద్యుత్తు ఆ దీపం గుండానే వెళ్ళాలి. దీపం మాడితే ఆ దారి మూసుకుపోతుంది. ఇంజనును గట్టిగా రేజు చేస్తే లోపల మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంతత్వంతో ఆల్టర్నేటరు మేల్కొనవచ్చు. మెల్లగా నడిపితే నిద్రలోనే ఉంటుంది. షెడ్డులో చార్జింగు కనిపించి, రోడ్డు మీద మాయమైనది అందుకే. షెడ్డువారు మోసం చేశారని నేను అనను. డైనమోలకు అలవాటు పడిన చేయి దీపాన్ని లెక్కచేయలేదు, అంతే. నేనైనా ఆ దీపం వెలగడం లేదని గమనించలేదు. ఎన్ని నెలలుగా వెలగడం లేదో నాకే తెలియదు.

డబ్బు ఇవ్వబోతే అతడు పుచ్చుకోలేదు. వెళ్ళేముందు నవ్వుతూ, "ఎనిమిదో తరగతిలో నాకు పద్యం రాకపోతే మీరేమన్నారో జ్ఞాపకం ఉందాండీ?" అన్నాడు. నాకు జ్ఞాపకం లేదు. "'ఒరే, నీకు షెడ్డులో పానాలు అందించుకోవడమే గతి' అన్నారండీ" అన్నాడు. ఆ మాటలో నిష్ఠురం లేదు. అందుకే మరింత గట్టిగా తగిలింది. ముప్పై ఆరేళ్ళు శ్రమ గౌరవం మీద వ్యాసాలు వ్రాయించినవాడిని నేను. ఆ మాట ఒక్కడితోనే అని ఉంటానా? తరగతికి నలుగురితో అని ఉంటాను. తప్పయిపోయింది నాయనా, అని అప్పుడే అన్నాను. ఇప్పుడు నలుగురి ఎదుటా అంటున్నాను.

ఇక సిద్ధాంతం.

మొదటి వాదం, ఇది పండితునికి తగని పని అన్నది. చేతిపని చేసేవాడు ఒక మెట్టు క్రింద, చేయించేవాడు ఒక మెట్టు పైన అన్న లెక్క మన సమాజానికి పట్టిన పాత రోగం. అది పుట్టుకతో మెట్లు కట్టింది. తరువాత పట్టాలతో కట్టింది. తెలుగు వ్యాకరణంలో 'చేయు' ధాతువుకు 'ఇంచు' చేరితే 'చేయించు' అవుతుంది. చేయించేవాడు ప్రయోజక కర్త. ఏ పని ఎందుకు చేయించాలో తెలిసినవాడికే ఆ పేరు చెల్లుతుంది. షెడ్డులో తల ఊపి ఆరువేల అయిదువందలు లెక్కపెట్టిన నాడు నేను ప్రయోజక కర్తను కాను. ఏ కర్తనూ కాను. ఆ వాక్యంలో నాది కర్మ స్థానం. జరిగిన పని నా మీదనే జరిగింది.

రెండవది, కాలం విలువ. నిజం ఒప్పుకుంటాను. 2024లో ఆల్టర్నేటరు నిజంగానే పోయినప్పుడు, పనివాడు ముప్పావుగంటలో ముగించే పనికి నాకు నాలుగు గంటలు పట్టింది. మిగిలిన కూలి అయిదారు వందలు. ఆ లెక్కన ఇది నష్టమే. అయితే ఈ లెక్క వేసే మిత్రులు రోజూ సాయంత్రం అరుగు మీద రాజకీయాలు మాట్లాడే మూడు గంటలకు ఏ ధర కట్టారో చెప్పాలి. నేను కొన్నది కూలి మిగులు కాదు. నా బండి నాకు అర్థం కావడం. అది ఎవరూ అమ్మరు, చేసి సంపాదించుకోవలసిందే.

మూడవది, పనివాని పొట్ట. ఇది గౌరవించదగిన వాదం. బావగారి మనస్సు మంచిది కనుక సమాధానం నెమ్మదిగా చెబుతాను. నేను చేసినది విప్పడం, బిగించడం. తీసిన ఆల్టర్నేటరులో డయోడుల పలక మాడింది, బేరింగు కూడా అరిగి గరగరలాడుతోంది. దానిని నా శిష్యుని దగ్గరకే పట్టుకువెళ్ళాను. డయోడులు పరీక్షించడం, బేరింగు లాగి క్రొత్తది కూర్చడం, బ్రష్షులు మార్చడం, అవసరమైతే తీగ చుట్టించడం విద్య తెలిసిన చేతులు చేయవలసిన పనులు. వాటికి అతడు అడిగినంత ఇచ్చాను. ఈసారి పుచ్చుకున్నాడు. బాగుచేసిన ఆ ఆల్టర్నేటరు ఇప్పుడు డిక్కీలో గుడ్డలో చుట్టి ఉంది. ఈ కారుకు క్రొత్త సరుకు దొరకడం నానాటికీ కష్టమవుతోంది. పాతదానిని బాగుచేసే చేతులే ఇటువంటి బండ్లకు దిక్కు. పని తెలిసిన ఖాతాదారు మంచి పనివానికి లాభమే. తెలియని ఖాతాదారు దగ్గర మంచి పనివాడూ, తూతూమంత్రంగా చేసేవాడూ ఒకే ధర పలుకుతారు.

నాలుగవది, ప్రమాదం. ఇది పూర్తిగా నిజం, నేనే సాక్ష్యం. బ్యాటరీ తీగ విప్పకుండానే ఆల్టర్నేటరు వెనుకనున్న లావుపాటి తీగ నట్టు మీద పానా పెట్టాను. పానా రెండవ కొస ఇంజను ఇనుముకు తగిలింది. పెళ్ళుమని నిప్పురవ్వలు లేచాయి, పానా అంచు కరిగి గుంట పడింది. ఆ నట్టు దగ్గర ఎల్లవేళలా బ్యాటరీ శక్తి ఉంటుందని నాకు ముందే చెప్పారు. విన్నాను, కాని విన్నది చేతికి ఎక్కలేదు. ఆ పానాను ఇప్పటికీ బల్ల మీద ఉంచుకున్నాను. కాబట్టి భయం అవసరమే. అది పనికి ముందు చేయవలసినవాటిని గుర్తు చేయడానికి, పని మానడానికి కాదు.

చేయదలచినవారికి క్లుప్తంగా చెబుతాను. మీటరుకు నాలుగైదు వందలకు మించి ఖర్చు కాదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండిన బ్యాటరీ మీద సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడుస్తూంటే సుమారు 13.8 నుండి 14.5 వోల్టులు కనబడాలి. నడుస్తున్నా అంకె పెరగకపోతే వెంటనే ఆల్టర్నేటరును నిందించవద్దు. ముందు బెల్టు, తరువాత తీగల మొనలు, ఎర్త్ తీగ, ఎర్రదీపం చూడండి. అన్నీ బాగుంటేనే ఆల్టర్నేటరును విప్పండి. మొదట బ్యాటరీ ఎర్త్ తీగను తీయాలి, చిట్టచివర దానినే పెట్టాలి. ఏ తీగ ఎక్కడిదో కాగితం మీద గీసుకోవాలి. బోల్టులు వదులు చేసి, ఆల్టర్నేటరును ఇంజను వైపు నెట్టి బెల్టు తప్పించాలి. తిరిగి బిగించేటప్పుడు పుల్లీలు ఒకే వరుసలో ఉండాలి. బెల్టును పొడవైన భాగంలో బొటనవ్రేలితో నొక్కితే సుమారు అరంగుళం దిగాలి. అంతకు మించి బిగిస్తే బేరింగులు చెడతాయి. ఆ బెల్టే నీటిపంపునూ ఫ్యానునూ కూడా త్రిప్పుతుంది కనుక వదులైతే ఇంజను కాగిపోతుంది. బ్యాటరీ తీగలు తారుమారైతే డయోడులు క్షణంలో మాడతాయి. ఇంజను నడుస్తూండగా బ్యాటరీ తీగను పీకి పరీక్షించే పాత అలవాటు డైనమోల కాలంతోనే పోవాలి. ఆల్టర్నేటరుకు అది ప్రాణాంతకం. బెల్టు తిరుగుతూండగా పంచె కట్టుతో, భుజాన కండువాతో దాని దగ్గరకు పోవద్దు. ఈ చివరి మాట నా వయస్సువారికి ప్రత్యేకం.

ఇవేవీ చేయలేనివారు, చేయడం ఇష్టం లేనివారు షెడ్డుకు పోవచ్చు. అందులో తప్పు లేదు. కళ్ళు సరిగా ఆననివారు, నడుము వంగనివారు ఉంటారు. నేనూ రేపు ఆ కోవలో చేరతాను. నా తగవు వారితో కాదు. చేయగలిగి ఉండి, తెలుసుకోగలిగి ఉండి, తెలియకపోవడాన్నే హోదాగా ధరించేవారితో నా తగవు. కనీసం తాళం త్రిప్పినప్పుడు ఎర్రదీపం వెలిగిందో లేదో, ఇంజను అందుకున్నాక ఆరిందో లేదో చూడండి. ఆ మాత్రం చూసి ఉంటే నేను మా ఆవిడను ఆ చీకటి గట్టు మీద నిలబెట్టవలసి వచ్చేది కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. తరగతి గదిలో పానాను శిక్షగా చూపించకండి. మీ మాట మీరు మరచిపోతారు. విన్నవాడు మరువడు.

బావగారూ, ఈసారి తెనాలి వచ్చినప్పుడు మీ బండి తాళం కూడా ఒకసారి త్రిప్పి చూద్దాం.

స్వస్తి.