బోర్డు మీద లేని టీచరు

మా చిన్నదానికి ఎనిమిదో ఏడు వచ్చినప్పుడు సంగీతంలో చేర్చాం. అప్పట్లో నేను చూసిందల్లా ఆ మేష్టారి హాల్లో గోడ. ఒక పక్కంతా శాలువాలు కప్పించుకున్న ఫొటోలు, ఇంకో పక్క ఫ్రేములు కట్టించిన సర్టిఫికెట్లు. "ఇంత పెద్దాయన మన పిల్లకి చెప్తానన్నారు, అదృష్టం" అని మా ఆయనతో గొప్పగా చెప్పాను కూడా.

ఎనిమిది నెలలు వెళ్లింది. మేష్టారికి కచేరీలు ఎక్కువ, క్లాసులు తక్కువ. ఉన్న రోజున పదిమంది పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఆయన శ్రుతిలో ఆయన పాడితే వీళ్లు అనాలి. మాది పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలిపోయేది. ఒకరోజు అందరి ముందూ "నీకు శ్రుతి లేదమ్మా, నువ్వు ఊరికే కూర్చుని విను" అన్నారట. ఇంటికొచ్చి ఏడవలేదు, ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడో నాకే తట్టింది, స్నానం చేస్తూ కూనిరాగం తీసే పిల్ల, ఇంట్లో నోరు విప్పడమే మానేసిందని. అడిగితే అప్పుడు చెప్పింది. నేను చేర్చిన చోటే కదా, నాకు నిద్ర పట్టలేదు.

ఏడాది దాటాక మా పక్క వీధి ఆవిడ చెబితే ఇంకో చోటికి తీసుకెళ్లాను. ఒక ఇంటి మేడ మీద రెండు గదులు. బోర్డు మీద రెండు పేర్లు: గాత్రానికి పంతులుగారు, కీబోర్డుకి వాళ్లబ్బాయి. పంతులుగారు వాళ్ల నాన్నగారి దగ్గర నేర్చుకుని, బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అబ్బాయి బీటెక్ చదివి, ట్రినిటీ గ్రేడు పరీక్షలు రాసి, ఉద్యోగం మానేసి ఇందులోకి వచ్చాడు. సరే, ఇద్దరికీ తగిన నేపథ్యమే ఉంది. కానీ మా పిల్లని కూర్చోబెట్టింది వాళ్లిద్దరూ కాదు. "కొత్తవాళ్లని మా కోడలు చూస్తుందమ్మా" అన్నారు పంతులుగారు. నిజం చెప్పొద్దూ, నా మొహం కాస్త చిన్నబోయింది. పేరున్న మనిషి కోసం వస్తే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఆవిడ చేతిలో పెట్టారేమిటి అనిపించింది.

ఆవిడ మొదటి రోజు పాఠమే చెప్పలేదు. పిల్లని "నీకు ఏ పాట ఇష్టం?" అని అడిగారు. ఇది బిగుసుకుని కూర్చుంది. బలవంతం చేయకుండా తనే ఏదో చిన్న పాట అందుకుని మధ్యలో ఆపారు. మాది తెలియకుండానే పూర్తి చేసింది. అప్పుడు శ్రుతి పెట్టె తీసి నాలుగులో ఒకసారి, నాలుగున్నరలో ఒకసారి, ఐదులో ఒకసారి "స... ప... స" అనిపించారు. ఐదు దగ్గర ఆగి, "ఇదీ నీ గొంతు. ఇన్నాళ్లూ మేష్టారి గొంతులో పాడావు, అంతే" అన్నారు. మగవాళ్ల శ్రుతి ఒకటో, ఒకటిన్నరో ఉంటుంది. ఆడపిల్లకి అదే శ్రుతి పెడితే పై స్వరాలకి అరవాలి, లేదా జారిపోవాలి. అంటే నా కూతురికి శ్రుతి లేకపోవడం కాదు, దాని శ్రుతి ఏదో ఎవరూ చూడలేదు.

తర్వాత చనువు పెరిగాక అడిగాను, మీకిది ఎలా తెలిసిందండీ అని. ఆవిడ నవ్వి, "చిన్నప్పుడు మా నాన్నగారి శ్రుతిలోనే పాడి రెండేళ్లు గొంతు పాడుచేసుకున్నానండీ. మా అమ్మ గమనించి మార్పించింది" అన్నారు. వాళ్లమ్మగారి దగ్గర వీణ, తర్వాత ప్రభుత్వ సంగీత కళాశాలలో నాలుగేళ్ల సర్టిఫికెట్టు, రెండేళ్ల డిప్లొమా. పెళ్లయ్యాక పదేళ్లు పేరంటాల్లో తప్ప పాడలేదు. పిల్లలు ఎక్కువైపోయి మావగారు అలిసిపోతుంటే "కాస్త సాయం" అని కూర్చున్నారు. ఆ కాస్త సాయం ఇప్పుడు రోజుకి నాలుగు గంటలు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, అంటే పునాది అంతా ఆవిడే. కట్టిన గోడకి రంగు వేసేది మాత్రం బోర్డు మీద పేరున్నవాళ్లు.

మనం పిల్లల్ని చేర్చేటప్పుడు టీచరు నేపథ్యం అంటే ఏం చూస్తున్నాం? కాగితం చూస్తాం, లేదా వంశం చూస్తాం. రెండూ పనికిరావని నేను అనను. డిప్లొమా ఉన్న మనిషికి పాఠం ఒక క్రమంలో చెప్పడం తెలుస్తుంది, పిల్లల్ని పరీక్షలకి కూర్చోబెట్టడమూ తెలుస్తుంది. సంగీతం ఉన్న ఇంట్లో పెరిగిన మనిషికి చెవిలోనే చాలా ఉంటుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు సరిగా లేక బడి చదువు సాగలేదు. ఫిడేలు నేర్పింది సొంత అన్నగారే. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వెళితే, ఆదిభట్ల నారాయణదాసు గారు విని, నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి ఉండమన్నారని చెబుతారు. దాసుగారు గోడ మీద ఫ్రేములు చూడలేదు, వాయించింది విన్నారు. 1936లో ద్వారం వారే ఆ కళాశాలకి అధ్యక్షులయ్యారు.

ఇంకో మాట కూడా ఉంది. బాలమురళీకృష్ణ గారి గురువెవరు అంటే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు అని టక్కున చెబుతాం. నాన్నగారు పట్టాభిరామయ్య గారు వేణువు వాయించేవారనీ చెబుతాం. అమ్మ సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారని మనలో ఎంతమందికి గుర్తు? ఆవిడ బాబు పసితనంలోనే పోయారు, నేర్పే వీలే లేకపోయింది. అయినా ఆ ఇంట్లో వీణ పట్టిన ఆడమనిషి ఒకావిడ ఉండేదన్నది కూడా నేపథ్యమే కదా.

ఇంటివాళ్లే నడిపే స్కూళ్లలో మంచి చాలా ఉంది. పిల్ల రెండు రోజులు రాకపోతే ఫోన్ చేస్తారు, జ్వరమైతే కషాయం చెబుతారు. చెడూ ఉంది. ఇంట్లో పుట్టినంత మాత్రాన అందరికీ చెప్పడం రాదు. నచ్చకపోతే ఎవరితో చెప్పుకోవాలో తెలియదు, మేష్టారి మీద మేష్టారి కొడుక్కి చెప్పలేం కదా! అన్నిటికంటే నాకు కష్టంగా అనిపించేది, బయటినుంచి వచ్చే మృదంగం మేష్టారికి నెల తిరగ్గానే జీతం ఇస్తారు, కోడలు మాత్రం "ఇంటి మనిషి". ఆవిడ పాఠానికి జీతం లేదు, పేరు లేదు, పండక్కి ఒక చీర. మనమూ తక్కువ తినలేదు, ఫీజు ఇచ్చేటప్పుడు "పంతులుగారు లేరా?" అని అడిగి వెనక్కి తిరుగుతాం.

అందుకే నా మాటగా చెబుతున్నాను. ఈసారి పిల్లని చేర్చేటప్పుడు గోడ చూసి మురిసిపోకండి. నా పిల్లకి రోజూ చెప్పేది ఎవరు అని ముందు అడగండి. వాళ్లు ఎవరి దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారు, ఇప్పుడు కూడా సాధన చేస్తున్నారా, చిన్నపిల్లలకి చెప్పిన అలవాటు ఉందా అడగండి. వీలైతే ఒక క్లాసు మూలన కూర్చుని చూడండి. తప్పు పాడిన పిల్లని ఏమంటున్నారో వింటే సగం తెలిసిపోతుంది. ఇలా అడగడం అమర్యాదేమీ కాదు. కూరగాయలకే పది తిప్పి చూసి కొంటాం, పిల్ల గొంతు దగ్గర మొహమాటపడితే ఎలా?

పోయిన విజయదశమికి తాంబూలం తీసుకెళ్లాను. ఎప్పటిలా ఆవిడ "మావగారికివ్వండి" అని పక్కకి తప్పుకున్నారు. "మా పిల్లకి టీచరు మీరు" అని ముందు ఆవిడకే బొట్టు పెట్టి ఇచ్చాను. పంతులుగారు చూస్తూనే ఉన్నారు. ధైర్యం చేసి, బోర్డు మీద అమ్మాయి పేరు కూడా రాయించండి బాబాయిగారూ అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. "నిజమే తల్లీ, నాకే తట్టలేదు. ఈసారి పెయింటర్ వచ్చినప్పుడు రాయిద్దాం" అన్నారు.

పెయింటర్ ఇంకా రాలేదు. నేనూ వెళ్లినప్పుడల్లా గుర్తు చేయడం మానలేదు. మా చిన్నది మాత్రం మళ్లీ స్నానాల గదిలో కూనిరాగం మొదలుపెట్టింది. వేణ్ణీళ్లు చల్లారిపోతున్నాయే అని కేకలేస్తున్నాను కానీ, తలుపు బయట నిలబడి కాసేపు విన్నాకే అనుకోండి!