గోడలనా, మనుషులనా - దేన్ని కాపాడాలి?

మా వర్తూరులో పెద్ద పెద్ద అపార్టుమెంట్లు కట్టే కూలీలు ఉండేది రేకుల షెడ్లలో. పని అయిపోగానే ఆ షెడ్లు ఊడదీసి లారీకెక్కిస్తారు. అక్కడ ఎవరు బతికారో, ఎవరి బిడ్డ పుట్టిందో రాసిపెట్టేవారుండరు. అందుకే ‘పేదల ఇళ్లు కూడా వారసత్వ సంపదే’ అన్న మాట వింటే నాకు సంతోషం. వెంటనే ఒక ప్రశ్న కూడా వస్తుంది: కాపాడేది గోడలనా, మనుషులనా?

లండన్‌లో ఎక్స్‌కాలిబర్ ఎస్టేట్ అనే కాలనీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇళ్లు పోగొట్టుకున్నవారి కోసం 1945-46లో, ఫ్యాక్టరీలో చేసిన భాగాలను బిగించి అక్కడ 187 చిన్న ఇళ్లు నిలబెట్టారు. యుద్ధ ఖైదీలతో కూడా పని చేయించారు. పదేళ్ల కోసమనుకున్న ఆ ఇళ్లలో జనం అరవై ఏళ్లకు పైగా కాపురమున్నారు. 2009లో ఆరు ఇళ్లకు మాత్రం వారసత్వ కట్టడాలుగా రక్షణ దొరికింది. మిగతావాటిని ఆ తర్వాత దశలవారీగా కూల్చడం మొదలుపెట్టారు.

ఈ కథకు మన బెంగళూరుతోనూ బంధముంది. హిట్లర్ పాలనలో జర్మనీ వదలాల్సివచ్చిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ 1939లో మైసూరు సంస్థానానికి ఆర్కిటెక్టుగా వచ్చారు. స్వాతంత్ర్యం తర్వాత దేశ విభజన శరణార్థుల కోసం ఢిల్లీలో ప్రభుత్వ ఫ్యాక్టరీ ద్వారా ఇలాంటి ఇళ్లే కట్టించబోయారు. పలకల్లో లోపాలు వచ్చి ఆ ప్రయత్నం దెబ్బతింది. తానూ శరణార్థి అయిన మనిషి శరణార్థులకు ఇల్లు కట్టాలనుకోవడం మాత్రం మరచిపోదగింది కాదు.

పాతదైతే చాలు, ఉంచేయాలని నేననను. కురిసే కప్పు కింద, కూలే గోడ పక్కన పేదవాణ్ణి ఉంచి ‘వారసత్వం’ అనడం క్రూరత్వం. కానీ కూల్చాక ఏం జరుగుతుందో ఈజీపుర చెబుతుంది. పేదలకు ప్రభుత్వం కట్టించిన క్వార్టర్లలో కొన్ని బ్లాకులు కూలాయి. మిగతావి ప్రమాదకరమని తీసేశారు. అదే నేల మీద రేకుల షెడ్లలో ఉంటున్న వెయ్యికి పైగా కుటుంబాలను 2013 జనవరిలో వెళ్లగొట్టారు. కొందరికి ఊరి చివర సూలికుంటెలో ఇళ్లిచ్చారు. కొందరు ఫుట్‌పాత్ మీదే ఉండిపోయారు. ఇళ్లలో పాచిపని చేసుకునే తల్లికి ఊరి చివర ఇల్లంటే పని పోవడం, పిల్లల బడి మారడం.

నాబోతు తన ద్రాక్షతోటను రాజుకు ఎందుకివ్వనన్నాడు? అది పిత్రార్జితం గనుక. రాజు దానికి బదులుగా ఇంకా మంచి తోట ఇస్తానన్నా ఒప్పుకోలేదు. వారసత్వమంటే మన బైబిలు మనకు నేర్పిన అర్థం అదే. అది చూసి పోయేవారి సొత్తు కాదు, అక్కడ బతికేవారి హక్కు.

కాబట్టి రెండు కోరదాం. పేదల కాలనీని తిరిగి కట్టేటప్పుడు, కూల్చక ముందే ప్రతి కుటుంబం పేరుతో, అదే స్థలంలో ఇల్లిస్తామని రాతపూర్వక హామీ ఉండాలి. కట్టడాన్ని కాపాడేటప్పుడు మరమ్మతు చేసి, అందులో ఉన్నవారినే ఉండనివ్వాలి. ఈలోగా మన సంఘాలు చేయగలిగిందొకటుంది. మన చుట్టూ ఉన్న బస్తీల్లో ఎవరు ఏ ఏడు వచ్చారో, ఏ ఇంట్లో ఉన్నారో ఒక పుస్తకంలో రాసిపెడదాం. బుల్డోజరు వచ్చిన రోజున ఆ పుస్తకమే సాక్షి.