పట్టా మీద ఆమె పేరు, లెక్కలో మాత్రం అతని భార్య

తణుకు దగ్గర పల్లెలో వుండే ఒకామె ఇంటి దరఖాస్తు పట్టుకుని మా దగ్గరకొచ్చింది. నలభై దాటిన మనిషి. వూడ్పులకీ కోతలకీ వెళ్తుంది. పొలం పనులు లేనప్పుడు రెండిళ్ళలో అంట్లు తోముతుంది. భర్త వదిలేసి పదేళ్ళయింది. కూతురితో అద్దె గదిలో వుంటోంది. ఆమె దరఖాస్తు తిప్పి పంపేశారు. ఎందుకంటే బియ్యం కార్డులో ఆమె పేరు ఇంకా భర్త పేరు కిందే వుంది. ఆ కుటుంబానికి ఎప్పుడో ఇల్లు మంజూరైంది. "మీకు ఒకసారి ఇచ్చేశాం కదమ్మా" అన్నారట. "ఏ ఇల్లండీ బాబూ, నన్ను గెంటేసిన ఇల్లేనా?" అని ఆమె అడిగితే అక్కడెవరూ జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే ఈ సంపాదకీయం ఉద్దేశం.

ఇల్లు స్త్రీ పేరున వుండాలన్నది మనం చాలాకాలం కొట్లాడి సాధించుకున్న మాట. ఆస్తిలో కూతురికీ సమాన వాటా వుందని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణాల్లో ఇల్లు ఇంటి స్త్రీ పేరునగానీ, భార్యాభర్తల ఉమ్మడి పేరునగానీ వుండాలంది. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో మొదలైన ఇళ్ళ స్థలాల పంపిణీ 30 లక్షల పైచిలుకు పట్టాలు స్త్రీల పేర్లతోనే ఇవ్వాలని తలపెట్టింది. అప్పుడు కూడా స్త్రీలకే ఇవ్వడమేమిటని కోర్టుకి వెళ్ళినవాళ్ళున్నారు. 2021 అక్టోబరులో హైకోర్టులో ఒక న్యాయమూర్తి వాళ్ళ వాదనతో ఏకీభవించారు కూడా. ఆ తీర్పు తర్వాత నిలవలేదు. తరతరాలుగా భూములన్నీ మగవాళ్ళ పేర్లతోనే రాసుకుంటూ వచ్చినప్పుడు ఎవరికీ రాని సమానత్వం గుర్తు, ఒక్క సెంటు స్త్రీ పేరున రాసేసరికి వచ్చింది!

కాబట్టి ఆ పట్టాని మనం తక్కువ చేయం. కానీ ఆ పట్టా ఆమెకి ఏ హోదాలో వస్తోంది? మనిషిగా కాదు, ఒక కుటుంబంలో భార్యగా. ఒక కుటుంబానికి ఒక ఇల్లు అనే నియమం పైకి న్యాయంగానే వుంటుంది. అయితే కుటుంబం అంటే ఏమిటో తేల్చేది ఆమె బతుకు కాదు, కార్డు. విడాకుల కాగితం లేనిదే కార్డులోంచి పేరు తీయరు. కోర్టుకి వెళ్ళే స్తోమత లేనిదే విడాకుల కాగితం రాదు. ఉమ్మడి కార్డులో ఎవరికో కారుందనో, కరెంటు 300 యూనిట్లు దాటిందనో కూడా ఆమె అనర్హురాలే. ఆ కారు ఆమె ఎక్కిందీ లేదు, ఆ కరెంటు ఆమె వాడిందీ లేదు.

ఇక్కడ ఒక వింత చూడండి. పింఛను దగ్గరకి వచ్చేసరికి ఒంటరి మహిళ అనే వర్గాన్ని ఇదే ప్రభుత్వం ఒప్పుకుంటోంది. 2024లో వచ్చిన రెండో విడత పట్టణ ఆవాస్ యోజన వితంతువులకీ ఒంటరి స్త్రీలకీ ప్రత్యేక శ్రద్ధ చూపాలని చెబుతోంది. పింఛనుకి పనికొచ్చిన ఒంటరితనం ఇంటికి ఎందుకు పనికిరాదు?

ఇక ఇల్లు వచ్చినవాళ్ళ సంగతి. పట్టణంలో ఇచ్చిన ఒక సెంటు అంటే 48 గజాలు. గోదావరి డెల్టాలో ఖాళీ స్థలమంటే చాలాచోట్ల పల్లపు వరిచేనే. వాన పడితే నీళ్ళు నిలుస్తాయి, మట్టి తోలిస్తేగానీ పునాది వేయలేరు. కట్టుకోవడానికి ఇచ్చింది 1 లక్షా 80 వేలు. చాలనిదానికి డ్వాక్రా సంఘంలో 35 వేల అప్పు చూపించారు. టిడ్కో ఫ్లాట్లలో పెద్దవాటికి బ్యాంకు అప్పు కూడా ఆమె పేరునే పుట్టింది. తాళం చేతికి రాకముందే వాయిదా కట్టమని నోటీసు అందుకున్నవాళ్ళున్నారు. ఆస్తితోపాటు అప్పూ ఆమె పేరునే వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వం పట్టణాల్లో 2 సెంట్లు, పల్లెల్లో 3 సెంట్లు అంటోంది. మంచిదే. ఆ స్థలం పనికి వెళ్ళొచ్చే దూరంలో వుందా, చీకటి పడ్డాక ఒక ఆడది నడిచి రాగల దారి వుందా అన్నది కూడా సెంట్లతోపాటే అడగాలి.

నివాసం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. స్త్రీల పట్ల వివక్షని తొలగించే అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. అందులో గ్రామీణ స్త్రీల నివాసం ప్రస్తావన స్పష్టంగా వుంది. వీటిని గోడ మీద రాసుకుంటే సరిపోదు. సచివాలయం గుమ్మం దాకా తీసుకెళ్ళాలి.

మనం చేయగలిగినవి వున్నాయి. అర్హుల జాబితా గోడకి అంటించిన రోజునే చదివి, లేని పేర్లు రాసుకుందాం. నోటిమాట తిరస్కారాన్ని ఒప్పుకోవద్దు, కారణం కాగితం మీద అడుగుదాం. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబు చెప్పాల్సిందే. విడివిడిగా వుంటున్న స్త్రీకి విడాకుల కాగితం బదులు స్థానిక విచారణే చాలని ప్రతి మండలంలో అర్జీలు పెడదాం. పట్టా వచ్చిన స్త్రీని ఆమె ఇంటినుంచి గెంటబోతే 2005 గృహహింస చట్టం కింద నివాసపు ఉత్తర్వు అడగొచ్చని ప్రతి సంఘం సమావేశంలో చెబుదాం.

ఆమె దరఖాస్తు మళ్ళీ పెట్టించాం. ప్లాస్టిక్ సంచీలో జెరాక్సు కాగితాలు, ఆధారు, అద్దె గది యజమాని రాసిచ్చిన చీటీ పెట్టుకుని ఈసారి ఒంటరిగా వెళ్ళలేదు, సంఘంనుంచి ఐదుగురు ఆమె వెంట వెళ్ళారు. ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా వెళ్తూనే వుంటారు. మీ వూళ్ళో అలాంటి దరఖాస్తులు ఎన్ని తిరిగొచ్చాయో లెక్క తీయండి, మాకు రాయండి. ఆ లెక్కే మన తర్వాతి అడుగు.