చదువు రాక కాదు బాబాయ్, నా వెబ్‌సైటే బాగాలేదు

పై వీడియోలో జీవామృతం కలిపే పద్ధతి చూపించాను. మోతాదులన్నీ మా వెబ్‌సైట్‌లో ఉన్నాయి, కింద లింకు నొక్కండి అని కూడా చెప్పాను. ఆ లింకు గురించే ఈ నాలుగు మాటలు.

వెబ్‌సైట్ పెట్టి రెండేళ్ళయినా రోజూ ఫోన్లు వస్తూనే ఉండేవి. "తమ్ముడూ, ఎకరాకి బెల్లం ఎంత?" అని. సైట్‌లో పెట్టాను కదా, చూడరేంటి అని విసుక్కునేవాణ్ణి. మొన్న రబీకి మా పక్క చేను బాబాయ్ మినుము విత్తనాలు అడిగితే, నా ఫోన్ చేతికిచ్చి "నువ్వే ఆర్డర్ పెట్టు, నేను నోరు మెదపను" అని గట్టు మీద కూర్చున్నా.

మొదట పెద్ద ఫోటో. మా చేలో సిగ్నల్‌కి అది రావడానికే నిమిషం పట్టింది. తర్వాత బూడిద రంగులో సన్న అక్షరాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో కనపడక చెయ్యి అడ్డం పెట్టుకుని చదివాడు. ఎలాగో ఫారం దాకా వచ్చాడు. ఈమెయిల్ తప్పనిసరి అంది. ఆయనకి ఈమెయిల్ లేదు. అది వదిలేసి 'సమర్పించు' నొక్కితే ఎర్ర గీత వచ్చి, అప్పటిదాకా రాసిన పేరు, ఊరు అన్నీ చెరిగిపోయాయి. ఫోన్ నా చేతిలో పెట్టి "మాకు చదువు రాదు కదబ్బాయ్" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. ఇదే మనిషి ఇంట్లో కూర్చుని ఫోన్‌తో చేలో మోటారు వేస్తాడు, కిరాణా కొట్లో ఫోన్‌పే చేస్తాడు, వాట్సాప్‌లో ఆకు ఫోటో పంపి ఏం తెగులని అడుగుతాడు. మీటింగుల్లో మాత్రం "ముందు రైతులకి డిజిటల్ అక్షరాస్యత నేర్పాలి" అంటారు. నేనొప్పుకోను. గేటు తెరుచుకోకపోతే గేటు బాగుచేస్తాం గానీ, వచ్చేవాళ్ళకి గోడ దూకడం నేర్పిస్తామా?

ఐదుగురితో వాడించి చూస్తే చాలా లోపాలు బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. నేనూ మరో నలుగురికి ఫోనిచ్చి చూశా. అందరూ ఆగింది ఒకచోటే: "10 శాతం జీవామృతం పిచికారీ" అన్న లైను. డిప్లొమాలో మేం నేర్చుకున్న భాష అది. చేలో ఉన్న మనిషికి కావాల్సింది ట్యాంకుకి ఎంత అన్నది. ఇప్పుడు "16 లీటర్ల ట్యాంకులో లీటరున్నర, మిగతా నీళ్ళు" అని రాశా. పీడీఎఫ్‌లో దాక్కున్న మోతాదు కూడా మొదటి పేజీలోకే తెచ్చా: 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇది ఎకరానికి.

అక్షరాలు నల్లగా చేయించా. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, నాకు సైట్ చేసిన కుర్రాడికీ తెలీదు, నాకూ తెలీదు. ఈమెయిల్ తీసేశా. ఫోన్ నంబరు గడి నొక్కితే అంకెల కీబోర్డే వస్తుంది. 'సమర్పించు' పోయి 'పంపండి' వచ్చింది. సమర్పించడానికి అదేమైనా నైవేద్యమా!

బాబాయ్ ఈసారి పెసలు తనే ఆర్డర్ పెట్టాడు. కానీ రవాణా ఖర్చు చివరి పేజీలో గానీ కనపడటం లేదని తిట్టాడు. అది ఈ వారం మారుస్తా. మీరూ లింకు తెరిచి, ఎక్కడ ఆగిపోయారో కామెంట్‌లో రాయండి. రాయడం కుదరకపోతే ఎప్పట్లాగే ఫోన్ చేయండి, విసుక్కోను.