పాటయు నటనయు వృత్తిగా గైకొనువారికి

మన సోదరీమణులలో పలువుర యిండ్లలో నేడొక ప్రశ్న బయలుదేరుచున్నది. అమ్మాయి చక్కగా పాడుచున్నది. లేదా కళాశాల నాటకములో వేషము వేసి మెప్పు పొందినది. దానినే జీవనోపాధిగా గైకొందునని చెప్పుచున్నది. తండ్రి పలుకడు. రేపు సంబంధములు వచ్చునో రావో యని తల్లి జంకును. పిన్నమ్మయు మేనత్తయు తలకొక మాట యందురు. ఈ నెల మేమీ విషయమునే విచారింపదలచితిమి.

మన సంఘమునకు పాటయందు ప్రీతి లేకపోలేదు. పెండ్లిచూపులలో "ఒక పాట పాడుమమ్మా" యని పెద్దలే యడుగుదురు. ఆ పిల్లయే కాపురమునకు వచ్చి నాలుగు నెలలు గడచునప్పటికి హార్మోనియము అటకెక్కును. పాట కన్నెకు అలంకారమనియు, ఇల్లాలికి అపచారమనియు మనము తలచుచుండుటయే దీనికి కారణము. ఈ తలపునకు మూలము పాతది. పూర్వము సంగీతనాట్యములను తరతరములుగ కాపాడినవారు కళావంతుల కుటుంబముల స్త్రీలు. లోకము వారి విద్యను అనుభవించి, వారికి గౌరవమును మాత్రము దక్కనీయలేదు. ఆ కుటుంబములలో జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు తాము కచేరీలు చేసి గడించిన ధనముతో తిరువైయారున త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించిరి. అచ్చటి ఆరాధనోత్సవమున స్త్రీలు పాడరాదన్న నిషేధముతో పోరాడి, ఆ హక్కును సాధించిరి. 1952లో వారు పరమపదించిరి. నేడు ఆ వేదికపై కూర్చుండి పాడు ప్రతి యాడుబిడ్డయు వారికి ఋణపడి యున్నది.

నాటకరంగపు కథ వేరొక విధము. మన ప్రసిద్ధ సమాజములలో చాలకాలము స్త్రీపాత్రలను పురుషులే ధరించిరి. స్థానం నరసింహారావుగారి స్త్రీవేషములను గూర్చి పెద్దలు నేటికిని చెప్పుకొందురు. కాని 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు నెలకొల్పిన సమాజమున ఇంటి యాడువారే ఆడుపాత్రలు ధరించిరి. 1932లో వెలువడిన తొలి తెలుగు మాటల చిత్రము "భక్తప్రహ్లాద"లో లీలావతిగ నటించిన కమలాబాయిగారు ఆ సురభివారి యాడుపడుచే. సురభివారికి రంగమే యిల్లు. తెర యవతల తల్లియు, అక్కయు, వదినయు నుందురు. కాబట్టి ఆ పిల్లలకు వేరు కాపు అక్కరలేకపోయెను.

నేటి యమ్మాయి యట్లు కాదు. ఆమె ఒంటరిగ హైదరాబాదునకో చెన్నపట్టణమునకో పోవలెను. సురభి పిల్లకు కుటుంబమిచ్చిన రక్షణను ఈమెకు ఇచ్చునవి మూడు: క్రమమైన శిక్షణ, వ్రాతపూర్వకమైన ఒడంబడిక, తన పేర నున్న బ్యాంకు ఖాతా. పోవలెనా, వలదా యని యింట వాదించుకొనుటకంటె, ఈ మూడును సమకూడినవా యని విచారించుట మేలని మా యభిప్రాయము.

శిక్షణ మొదటిది. 1919లో స్థాపింపబడి, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగ నున్న విజయనగరపు సంగీత కళాశాలలో పి. సుశీలగారు విద్య నేర్చిరి. నేపథ్యగాయనులకు జాతీయ పురస్కారము పెట్టినప్పుడు దానిని తొలుత అందుకొన్నవారు వారే. వారు పాడిన పాటలు 17,695 అని 2016లో గిన్నిస్ గ్రంథమువారు నమోదు చేసిరి. ఆ సంఖ్య వెనుక స్వరజ్ఞానమును, తెలుగేకాక పలు భాషలలో స్పష్టముగ పలుకు నేర్పును కలవు. టెలివిజనులో ఒక పోటీ గెలిచినంత మాత్రమున ఆ పునాది యేర్పడదు. నటనకును అట్లే. నేడు విశ్వవిద్యాలయములలో రంగస్థల శాఖలు కలవు. ఢిల్లీలో 1959 నుండి జాతీయ నాటక పాఠశాల కలదు.

మరియొక సంగతి. వెండితెర నాయిక యగుటయే నటన యనియు, సినీమాలో పాడుటయే గానమనియు పిల్లలు భ్రమపడుదురు. రేడియోలో శ్రుతి పరీక్ష నిచ్చి శ్రేణి పొందిన కళాకారిణులు, సంగీతోపాధ్యాయినులు, బృందగాయనులు, ఇతర నటీమణులకు గాత్రమిచ్చువారు, వీరందరును ఈ విద్యతోనే బ్రదుకుచున్నారు. 1967 నాటి "భక్తప్రహ్లాద"లో బాలప్రహ్లాదుడుగ నటించిన రోజారమణిగారు పెద్దయైన పిదప పలువురు నాయికలకు గొంతునిచ్చి పేరు గడించిరి. నాయిక పదవి కొందరికే లభించును, కొన్నాళ్లే నిలుచును. గాత్రమును విద్యయు దీర్ఘకాలము అన్నము పెట్టును.

రెండవది ఒడంబడిక. "వేషమిప్పింతుము, ముందు ఇంత సొమ్ము కట్టుడు" అన్నవాడు మోసగాడని నిశ్చయింపవచ్చును. పని చేయించుకొనువారు సొమ్మిత్తురు గాని పుచ్చుకొనరు. ప్రతిఫలమెంత, ఎన్ని దినములు, రాత్రి పనియెంత, ఎట్టి దృశ్యములు, ఎట్టి దుస్తులు, ప్రయాణపు వ్యయమెవ్వరిది అను సంగతులన్నియు కాగితముపై నుండవలెను. ఆ కాగితపు ప్రతి యొకటి అమ్మాయి చేత నుండవలెను. గాయనులు మరియొకటి తెలిసికొనవలెను. 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము ప్రకారము, పాడినవారికి తమ గానము వ్యాపారమునకు ఉపయోగపడినప్పుడు రాయల్టీ పొందు హక్కు కలదు. ఆ హక్కు 50 ఏండ్లు నిలుచును. ఆ రాబడిని వసూలుచేసి పంచుటకై గాయకుల సంఘము 2013లో ఏర్పడినది. ఇప్పుడు యంత్రములు మనిషి గొంతును అచ్చముగ అనుకరించుచున్నవి గనుక, తన గొంతు నట్లు వాడుకొనవచ్చునా లేదా యనునదియు వ్రాయించుకొనుట మంచిది.

మానరక్షణ విషయము దాచవలసినది కాదు. కేరళ ప్రభుత్వము 2017లో నియమించిన జస్టిస్ హేమగారి సంఘము యొక్క నివేదిక 2024లో వెల్లడియైనది. అవకాశము పేరట ఆడువారిని లొంగదీయుటయేగాక, పనిచోట మరుగుదొడ్డియు, బట్టలు మార్చుకొను గదియు సైతము లేకుండుటను అది లోకమునకు తెలిపినది. 2013 నాటి చట్టము ప్రకారము పదుగురో, అంతకు మించియో పనిచేయు ప్రతిచోట ఆడువారి ఫిర్యాదులు వినుటకు ఒక సంఘముండవలెను. అంతకంటె చిన్న చోట్లవారు జిల్లా సంఘమునకు చెప్పుకొనవచ్చును. సాధారణముగ మూడు నెలలలో ఫిర్యాదు చేయవలెను. ఇంటివారిని ధిక్కరించి పోయిన పిల్ల కష్టము కలిగినప్పుడు ఇంటికి చెప్పజాలదు. "అప్పుడే వలదంటిమి గదా" అందురని భయపడును. ఆ భయమే దుర్మార్గునకు బలము. కావున తల్లియైనవారు "ఏమి జరిగినను ముందు నాకు చెప్పుము, తప్పు నీదని యనను" అని మాట యిచ్చి పంపవలెను.

మూడవది ధనము. భానుమతిగారు 1939లో "వరవిక్రయము"తో తెరకెక్కి, భర్తతో కూడి భరణీ సంస్థను నిర్వహించి, 1953లో "చండీరాణి"కి దర్శకత్వము వహించి, తుదివరకు తమ వ్యవహారము తాము చూచుకొనిరి. సావిత్రిగారు అంతటి నటియై, ఎందరికో చేయెత్తి యిచ్చినవారై, సొంత చిత్రముల నష్టములలో ఆస్తి పోగొట్టుకొని, దీర్ఘకాలము స్పృహ లేక 1981లో కన్నుమూసిరి. ఒక్క కారణమున ఇంత జరిగినదనుట న్యాయము కాదు. అయినను లెక్కలు చూచు నేర్పు కళాకారిణికి శ్రుతిజ్ఞానమంత యవసరమని ఈ రెండు జీవితములును తెలుపుచున్నవి.

ఇచట తల్లిదండ్రులతో ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. కొన్ని యిండ్లలో పిల్ల సంపాదింప నారంభించిన వెంటనే అన్న వ్యాపారమును, మామయ్య అప్పును ఆమె నెత్తిమీదికి వచ్చును. "మా అమ్మాయిని నాటకములకు పంపము" అన్నవారే ఆమె సొమ్మునకు చేయి చాతురు. పసిబిడ్డల విషయమున చట్టము కొంత అడ్డుపడినది. 14 ఏండ్లు నిండని బాలనటులను దినమునకు 5 గంటలకు మించి పనిచేయించరాదు; విరామము లేక 3 గంటలకు మించరాదు; ఆ బిడ్డ యిష్టపడనిదే చేయించరాదు; రాబడిలో నూటికి 20 వంతులు తక్కువ కాకుండ బిడ్డ పేర బ్యాంకులో నిలువ చేయవలెను. ఇరువదియేండ్ల పిల్లకు అట్టి నిబంధన యేదియు లేదు. ఆమెకు మనమే ధర్మశాస్త్రము కావలెను.

పిల్ల యడిగినప్పుడు "వలదు" అని తలుపు మూయవలదు; "సరే" యని చేతులు దులుపుకొనవలదు. ఎవరియొద్ద నేర్చుకొందువు, కాగితమున ఏమి వ్రాసిరి, సొమ్ము ఎవరి పేర పడును అని మూడు ప్రశ్నలు అడుగుడు. జవాబులు తృప్తికరములైనచో ఆశీర్వదించి పంపుడు. కోడలైనను ఇదే న్యాయము. అటకమీది హార్మోనియమును దింపించి, దుమ్ము తుడిచి, సాయంకాలము ఒక గంట ఆమెకు విడిచిపెట్టుడు. ఆమె పాటతో డబ్బు గడించినను గడింపకున్నను, ఆ గంట ఆమెది.